మా గుర్రానికి ఒక్క పిల్ల

మా బావకు ఆ ఆలోచన ఏ రోజు పుట్టిందో నాకు తెలుసు. ఒక ఆదివారం ఉదయం గుర్రానికి ఒళ్లు తోముతూ, దాని కళ్ల పైభాగాన వేలితో మెల్లగా నొక్కి చూశాడు. వయసు మీదపడిన గుర్రాలకు అక్కడ గుంటలు పడతాయి. రెండు పక్కలా చూసి, బ్రష్షు బకెట్టులో వేసి, వచ్చి కొట్టం ముందున్న రాతి మీద కూర్చున్నాడు.

"ఏమే, దీని పిల్ల ఒకటి మన ఇంట్లో ఉండల్ల," అన్నాడు. "ఒక్కటి చాలు."

బావ అంటే నా మొగుడే. మేనమామ కొడుకు. చిన్నప్పటి నుంచి బావా అని పిలిచిన నోటికి పెళ్లయ్యాక కూడా వేరే పిలుపు అలవాటు కాలేదు. తమిళనాడులో, తళి నుంచి జవళగిరి పోయే దారిలో మా ఊరు. నేను పక్క ఊరి బడిలో తెలుగు టీచరును. బావ హోసూరులో ఒక కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ పని చేస్తాడు. వాళ్లది గొర్రెలు మేపిన కుటుంబం. గొర్రెలు మా మామ కాలంలోనే పోయాయి. గుర్రం మాత్రం బావ సొంత పిచ్చి. ఒక్కతే కూతురు, కృష్ణగిరిలో కాపురం. దానికి గుర్రమంటే భయం.

మూడేళ్ల పిల్లగా ఉన్నప్పుడు బావ ఈ గుర్రాన్ని ఎక్కడో దూరపు సంతలో కొని తెచ్చాడు. పెళ్లి ఊరేగింపులకు, గుడి ఉత్సవాలకు పనికొస్తుందని ఇంట్లో అందరికీ చెప్పాడు. ఎర్రమట్టి రంగు, పొట్టి మనిషి కూడా ఎక్కగలిగినంత ఎత్తు. నుదుటి నుంచి కిందికి దిగిన తెల్లచార ఎడమ ముక్కు వైపు ఒంగి ఆగిపోయేది. బ్యాండు మేళానికి, టపాకాయలకు బెదిరేది కాదు. మా వంటింట్లో కుక్కరు విజిల్ వేస్తే మాత్రం కొట్టం అదిరేలా ఎగిరేది. అడవి నుంచి ఏనుగులు రాగి చేలలోకి దిగినప్పుడు ఊళ్లో అందరికంటే ముందు దానికి తెలిసేది. ఆ సాయంత్రం గడ్డి ముట్టేది కాదు.

కొన్నేళ్లు హోసూరు నుంచి కృష్ణగిరి దాకా ఎంతమంది పెళ్లికొడుకులు దాని మీద కూర్చున్నారో లెక్కలేదు. తర్వాత లైట్లు పెట్టిన కార్లు వచ్చాయి. పిలుపులు తగ్గాయి, ఆగిపోయాయి. గుర్రం మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. దానికి పని లేదని మాకు ఎప్పుడూ అనిపించలేదు. బావ షిఫ్టు ముగించుకుని బస్సు దిగి నడిచి వస్తుంటే అడుగుల చప్పుడుకే సకిలించేది. అన్నం తినకముందే అతను దాని దగ్గరికి పోయేవాడు. అది అతని భుజం మీద గడ్డం ఆనించి గట్టిగా ఊపిరి వదిలేది. బావ ఒక్కమాటా మాట్లాడకుండా అలా నిలబడేవాడు. నాతో చెప్పుకోనివి చాలా అక్కడ చెప్పుకునేవాడేమో అనుకునేదాన్ని.

అందుకే పిల్ల మాట ఎత్తినప్పుడు వెంటనే వద్దని అనలేకపోయాను. నాలుగు రోజులు ఆగి అడిగాను.

"దానికి పదైదేండ్లు. నీకు యాభై ఎనిమిది. పుట్టే పిల్ల పాతికేండ్లు బతుకుతుంది. అది ముసలిదయ్యే పొద్దుకు మనం యాడ ఉంటాము బావా?"

"అంత దూరం ఎవరు చూసినారు?"

"చూడల్ల కదా. పుట్టి ఏం చెయ్యల్ల అది? దీనికే పని లేదు."

"ఏమీ చెయ్యొద్దు. సుమ్నే, ఊరికే ఉండల్ల. ఇది ఉండే మాదిరి."

 ఒక నెల రోజులు వాదించుకున్నాం. కొన్ని రోజులు మాటలే లేవు. చివరికి తళిలో పశువుల డాక్టరమ్మను అడిగి, ఆమె ఏం చెబితే అది చేద్దామని ఒప్పందానికి వచ్చాం.

ఆమె చిన్న వయసు మనిషి. తమిళం మాట్లాడే ఊరి నుంచి వచ్చి, మా అందరితో మాట్లాడీ మాట్లాడీ తెలుగు నేర్చుకుంది. గుర్రాన్ని చూడ్డానికి తనే స్కూటరు వేసుకుని ఇంటికి వచ్చింది. పళ్లు చూసింది, గుండె చూసింది, పొట్ట తడిమింది.

"నిజం చెప్పేస్తాను టీచరమ్మా," అంది. "నాకు ఆవులు తెలుసు. గుర్రాలు పుస్తకంలో చదివినాను, అంతే. ఈ వయసులో తొలిచూలు అంటే నిలిచేదే కష్టం. నిలిచినా నాకు భయమే."

"వద్దంటారా?"

"వద్దని చెప్పను. మంచి ఆరోగ్యంగా ఉండాది. కానీ ఒకటి మరవొద్దండి. మగగుర్రానికి దాటించిన పదైదో దినం స్కాన్ చెయ్యల్ల. కవలలు ఉంటే అప్పుడే ఒకటి తీసెయ్యొచ్చు, చాలా సులభం. నెల దాటితే కుదరదు. ఆవు మాదిరి కాదు గుర్రం. దాని కడుపులో రెండింటికి చోటు లేదు. రెండూ పోతాయి, తల్లికి కూడా కష్టం."

అప్పుడు బావ పక్కన లేడు. ఆమె స్కూటరుకు అడ్డంగా ఉన్న గడ్డి మోపులు జరుపుతున్నాడు. ఆ మాట నేనొక్కదాన్నే విన్నాను.

"ఏం చెప్పింది?" అని అడిగాడు వచ్చి.

"ఆరోగ్యంగా ఉండాదంట," అన్నాను. మిగతాది తర్వాత చెబుదామనుకున్నాను.

మగగుర్రం కోసం వెతకడం మొదలైంది. మాకు దగ్గరలో ఒక బెంగళూరు ఆయన తోట ఉంది. వారానికొకసారి కారులో వస్తాడు. ఆయన దగ్గర ఉత్తరాది జాతి మగగుర్రం ఉండేది. చెవుల కొనలు లోపలికి ఒంగి ఒకదాన్నొకటి తాకేవి. బావ మా గుర్రాన్ని బాగా తోమి, తోకకు నూనె రాసి, తోట గేటు దాకా నడిపించుకుపోయాడు. ఆయన కారు దిగకుండానే చూశాడు.

"పేపర్లు ఉన్నాయా?" అన్నాడు.

"పేపర్లు యాడివి సార్? గుర్రం ఉండాది," అన్నాడు బావ.

ఆయన నవ్వాడు. చెడ్డగా ఏమీ నవ్వలేదు. పేపర్లు లేని గుర్రానికి తన గుర్రాన్ని ఇవ్వలేనని మర్యాదగానే చెప్పి పోయాడు. ఆయన పోయాక కాపలా మనిషి బావ పక్కకు వచ్చి, "ఓనరు లేని దినం తోలుకోని రాప్పా, నేను చూసుకుంటాను," అన్నాడు. మంచి అవకాశమే అనిపించింది నాకు. బావ మాత్రం తల అడ్డంగా ఊపాడు. ఇంటికి వచ్చే దారిలో, "దొంగతనంగా పుట్టించేదా దాన్ని?" అన్నాడు.

చివరికి మత్తూరు దగ్గర ఒక రైతు ఇంట్లో దొరికింది. వాళ్ల నాయన పెట్టుకున్నాడని ఆయన కూడా ఒక బూడిదరంగు మగగుర్రాన్ని పెట్టుకున్నాడు. అది మాకు దగ్గర కాదు. హోసూరు మీదుగా, కృష్ణగిరి దాటి పోవాలి. వేసవి సెలవులు కాబట్టి నేనూ బయల్దేరాను. గుర్రం ఎదకు వచ్చిన రెండో రోజు తెల్లారి దాన్ని టెంపోలో ఎక్కించాం. బావ డ్రైవరు పక్కన కూర్చోలేదు. వెనకాల గుర్రం మెడ పట్టుకుని నిలబడ్డాడు. టోల్‌గేటు దగ్గర కార్లలో వాళ్లు ఫోటోలు తీసుకున్నారు. కృష్ణగిరిలో కొండ నీడ పడే చోట ఆపి నీళ్లు పట్టాం. అది సగం బకెట్టు తాగి, మిగిలిన నీళ్లు ముక్కుతో చిమ్మి బావను తడిపింది. ఆ ప్రయాణంలో బావ నవ్వింది అక్కడ ఒక్కసారే.

ఆ రైతు పెద్దమనిషి. మమ్మల్ని చూసి, "ఏమప్పా, ఆడబిడ్డను అత్తింటికి పంపేవాళ్ల మాదిరి నిలబడినారే," అన్నాడు. మొదటి రోజు గోడ అవతల నుంచి చూపిస్తే మా గుర్రం వెనక్కి తిరిగి తన్నింది. రెండో రోజు నిలబడింది. మూడో రోజు ఇంకోసారి దాటించారు. నేను ఆ పక్కకు పోలేదు. ఆయన భార్యతో కూర్చుని ఊరగాయకు మామిడికాయలు తరిగాను. బావ వచ్చి చేతులు కడుక్కుంటూ, "అయిందే," అన్నాడు. 

పదిహేనో రోజు నేను మరవలేదు. వంటింటి క్యాలెండరు మీద పెన్సిలుతో చిన్న చుక్క పెట్టుకున్నాను. ఆ వారమే బెంగళూరు నుంచి గుర్రాల డాక్టరు తోటకు వస్తున్నాడని కాపలా మనిషి చెప్పాడు. స్కాన్ మిషను తెస్తాడు. మా ఇంటి నుంచి నడిచి పోయేంత దూరం.

"రేపు గుర్రాల డాక్టరు వస్తాడంట బావా. తోలుకోని పోయి చూపిద్దామా?" అన్నాను.

"ఏంటికి?"

"నిలిచిందో లేదో తెలుస్తుంది కదా."

"వద్దు. ఇప్పుడు లోపల చెయ్యి పెట్టి కెలికితే నిలిచింది కూడా పోతుంది. దినాలు గడిస్తే తెలీకుండా పోతుందా?"

నా నోట్లో ఒక మాట సిద్ధంగా ఉంది. కవలలుంటే ఇప్పుడే ఒకటి తీసెయ్యాలంట, అని. ఆ ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ఎందుకు అనలేదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. నెలల తర్వాత ఆ వారమే మా ఇంట్లో నెమ్మది వచ్చింది. బావ మళ్లీ నాతో మామూలుగా మాట్లాడుతున్నాడు. బడి తెరిచారు. నా తరగతిలో ఇంకో పిల్ల ఇంగ్లిషు మీడియానికి పోయింది. మిగిలింది ముగ్గురు. నాకు అలసటగా ఉండింది. డాక్టరమ్మే గుర్రాలు తెలీవని చెప్పింది కదా, పుస్తకంలో ఉన్నదంతా జరుగుతుందా అని సర్దిచెప్పుకున్నాను. డాక్టరు వచ్చాడు, పోయాడు.

రెండున్నర నెలలకు గుర్రం మళ్లీ ఎదకు రాలేదని ఖాయమయ్యాక బావే చూపిద్దామన్నాడు. ఈసారి ఆ డాక్టరు మా కొట్టానికే వచ్చాడు. భుజం దాకా తొడుగు వేసుకుని, చిన్న తెర మీద ఎండ పడకుండా తువ్వాలు కప్పుకుని చూశాడు. చాలాసేపు చూశాడు.

"నిలిచింది," అన్నాడు.

బావ గుర్రం మెడ మీద చెయ్యి వేశాడు.

"రెండు ఉన్నాయి."

బావ ముఖం వెలిగింది. నేను డాక్టరు ముఖం చూశాను. ఆయన తొడుగు తీసి, చేతులు కడుక్కుని, మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు. ఇప్పుడు ఒకదాన్ని తీయబోతే రెండూ పోవచ్చు. రెండూ పోగొట్టాలన్నా ఇప్పుడు తల్లికి ప్రమాదమే. ఏమీ చెయ్యకపోతే, ఎక్కడో ఒకసారి రెండూ బతకవచ్చు, తను మాత్రం చూడలేదు. ఎక్కువగా ఏడో నెల దాటాక పోతాయి.

"మీ గుర్రమైతే ఏం చేస్తారు సార్?" అని అడిగాను.

"నా గుర్రమైతే పదిహేనో రోజే చూసేవాణ్ణి," అన్నాడాయన.

అట్లాగే వదిలేశాం. వదిలేయాలని నిర్ణయించామని కూడా చెప్పలేను. బావ లేచి గడ్డి వేయడానికి పోయాడు. నేను లోపలికి వచ్చి అన్నం వార్చాను. ఆ తర్వాత ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. దాంతో అది తేలిపోయింది.

బావ మాత్రం ఊళ్లో అందరికీ చెప్పాడు. బస్టాపులో, టీ కొట్లో, రెండు, రెండు అని వేళ్లు చూపించాడు. ఆడవాళ్లు వచ్చి గుర్రం నుదుటికి పసుపు కుంకుమ పెట్టారు. "అదృష్టమమ్మా టీచరమ్మా, జోడు పిల్లలు," అన్నారు. నేను తల ఊపాను. గుర్రం వాళ్ల చేతులు వాసన చూసి, బెల్లం ఉందేమోనని కొంగులు లాగింది. దాని పొట్ట పెరిగేకొద్దీ నేను అటు చూడడం తగ్గించాను. గడ్డి వేసేటప్పుడు కూడా పక్కకు చూస్తూ వేసేదాన్ని. బావ కొట్టంలో కొత్త ఇసుక పోశాడు. కుక్కరు వాడడం మాన్పించాడు. ఆ నెలలన్నీ గిన్నెలో అన్నం వండాను.

ఎనిమిదో నెలలో పొదుగు దిగింది. పాలు చుక్కలుగా కారడం మొదలైంది.

"పాలు వచ్చినాయే! ముందే వచ్చినాయి చూడు," అన్నాడు బావ.

డాక్టరమ్మకు ఫోన్ చేసి చెప్పాను.  "గుర్రానికి పదకొండు నెలలు నిండల్ల. ముందే రాకూడదు టీచరమ్మా," అంది.

అది గులాబీలు కోసే రద్దీ కాలం. మా దారిలో పొద్దంతా పూలబాక్సుల వ్యాన్లు పోతూనే ఉంటాయి. వాటి మధ్య సందు చూసుకుంటూ సాయంత్రం నాలుగున్నరకు బడి నుంచి ఇల్లు చేరాను. బావ బైట ఎక్కడా లేడు. కొట్టంలో ఉన్నాడు. డ్యూటీ చొక్కా విప్పి కింద పరిచాడు. దాని మీద రెండు పిల్లలు. ఒకటి బాగా ఎదిగింది, వెంట్రుకలు అప్పుడే వస్తున్నాయి. నుదుటి మీద తెల్లచార కూడా కనిపించింది. రెండోది ఎండిపోయిన చిన్న నల్లటి ముద్ద. అది లోపల ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. గుర్రం వంగి ఆ పెద్దదాన్ని నాకుతోంది. ముక్కుతో నెట్టి, లేస్తుందేమోనని ఆగి, మళ్లీ నాకుతోంది.

"తీసెయ్యనీలేదు," అన్నాడు బావ. "రెండు తూర్లు పోయినాను. తన్నింది."

చీకటి పడేలోపు డాక్టరమ్మ వచ్చింది. అప్పటికీ మాయ పడలేదు. ఇంజెక్షన్లు చేసింది, నీళ్లు ఎక్కించి కడిగింది. తెల్లారి ముక్కలు ముక్కలుగా పడింది. అంతా వచ్చిందో లేదో తెలీదంది. జ్వరం వచ్చింది. మూడో రోజు గుర్రం ముందుకాళ్లు చాచి, బరువంతా వెనక్కి వేసి వింతగా నిలబడింది. అడుగు తీయలేకపోయింది. గర్భంలో చీము పడితే ఆ విషం గిట్టల్లోకి దిగుతుందట. గిట్ట లోపల ఎముక పట్టు తప్పి కిందికి జారుతుందట. ఐసులో నిలబెట్టమన్నారు.

తళిలో బేకరీ వాళ్లు, పక్కన పూలతోట వాళ్లు ఐసు ఇచ్చారు. ముందుకాళ్లు రెండూ టబ్బుల్లో పెట్టి, ఐసు కరిగేకొద్దీ వేస్తూ, ఒకరి తర్వాత ఒకరం కూర్చున్నాం. బావ సెలవు పెట్టాడు, నేనూ పెట్టాను. నాలుగో రోజో ఐదో రోజో మధ్యాహ్నం, ఐసు పగలగొడుతూ ఉండగా, ఇంక మోయలేక చెప్పేశాను.

"బావా, పదైదో దినం స్కాన్ చెయ్యల్లని డాక్టరమ్మ ముందే చెప్పింది నాకు. రెండుంటే ఒకటి తీసెయ్యొచ్చని కూడా చెప్పింది. నీకు చెప్పలేదు నేను."

తిడతాడనుకున్నాను. అతను టబ్బులోంచి చెయ్యి తీయలేదు.

"నాకూ చెప్పింది," అన్నాడు.

"ఎప్పుడు?"

"దాటించక ముందు, దీని కడుపులో పురుగులకు మందు తెచ్చేదానికి తళికి పోయినాను కదా, అప్పుడు. నీకు తెలీదనుకున్నాను."

"తెలిసీ వద్దన్నావా?"

"రెండుంటే ఒకటి చంపల్ల అంటారు కదా. ఆ మాట నా నోట్లోంచి రాకూడదని..." అని ఆగిపోయాడు. "ఒకటే ఉంటుందిలే అనుకున్నాను."

నేను ఇంకో ఐసు ముక్క పగలగొట్టి టబ్బులో వేశాను. నేరం సగం సగం పంచుకుంటే బరువు తగ్గాలి. తగ్గలేదు. ఎవరో ఒకరు ఒక్క మాట అని ఉంటే రెండోవాళ్లు ఒప్పుకునేవాళ్లే. అది తెలిశాక ఇంకా కష్టమైంది.

ఆరు వారాలు చూశాం. కొన్ని రోజులు కాస్త తేలిగ్గా అడుగు వేసేది. అలాంటి రోజు బావ షిఫ్టుకు పోయేవాడు. మర్నాడు మళ్లీ పడుకుని లేచేది కాదు. ఒళ్లు తగ్గి పక్కటెముకలు లెక్కపెట్టేలా అయింది. బావ అడుగుల చప్పుడుకు సకిలించడం మానలేదు. లేవలేక పడుకునే సకిలించేది. అది వినడం నావల్ల అయ్యేది కాదు. చివరికి గిట్ట అడుగు చీలి ఎముక కనిపించింది. గుర్రాల డాక్టరు వచ్చి చూసి, "ఇంక దాన్ని నిలబెట్టడం మన కోసమే, దాని కోసం కాదు," అన్నాడు.

పొద్దున్నే ఎనిమిది గంటలకు, ఎండలో, కొట్టం బైట. డాక్టరమ్మ కూడా వచ్చి, చెప్పులు విప్పి గోడ పక్కన నిలబడింది. బావ అరచేతిలో బెల్లం పెట్టాడు. తినింది. అతను దాని తల ఒళ్లో పెట్టుకుని, "అమ్మణ్ణీ, అమ్మణ్ణీ," అని చెవి దగ్గర చెబుతూనే ఉన్నాడు. డాక్టరు సూది తీసి, లేచి నిలబడి, అయిందని సైగ చేసినా ఆపలేదు. రాగి చేను మూలన గొయ్యి తీయించాం. పిల్లలను పూడ్చింది కూడా ఆ పక్కనే.

నెలలు నిండే కాలం దాటి, బడి మళ్లీ తెరిచాక మత్తూరు నుంచి ఆ పెద్దమనిషి ఫోన్ చేశాడు. నేనే ఎత్తాను.

"ఏమమ్మా, పిల్ల ఆడదా, మగదా?"

చెప్పాను. మొత్తం చెప్పాను. 

"మా గుర్రాన్ని నేను అమ్మేసినానమ్మా," అన్నాడు చివరికి. "ఎవరూ రావడం లేదు. మీరే కడా, ఆఖరు." ఇంకేదో అడగబోయి, అడగకుండానే పెట్టేశాడు.

బావకు చెప్పాను. భోంచేస్తున్నవాడు తల ఎత్తలేదు. పక్క తోటవాళ్లు కొట్టంలో ఎరువు మూటలు పెట్టుకుంటామని అడుగుతున్నారని చెప్పాను. సరే అన్నాడు.

"సంతలో ఇంకొకటి చూద్దామా బావా?" అని కూడా అడిగాను. అడగాలని ముందుగా అనుకోలేదు.

"వద్దు," అన్నాడు. టిఫిన్ బాక్సు మూత బిగించుకుని, గేటు తీసుకుని, బస్సుకు నడిచిపోయాడు. వాకిట్లో నిలబడి, అతను మలుపు తిరిగేదాకా చూసి, నేనూ బడికి బయల్దేరాను. ఆ ఏడాది తరగతిలో ఇద్దరే మిగిలారు.